పిన్ని చదివిన జపాను పుస్తకం

ఇంటర్మీడియట్ జవాబు పత్రాలు దిద్దడానికి ఆ ఏడు నన్ను విశాఖపట్నం వేశారు. పొద్దున్నించి ఒకే ప్రశ్నకి ఒకే తప్పు జవాబు చదివి చదివి, సాయంత్రమయ్యేసరికి కళ్ళు మంటలు, నడుం పీకులు. లాడ్జి గదికి పోయి గోడలు చూస్తూ కూర్చోబుద్ధి కాలేదు. తోటి లెక్చరరుగారి అమ్మాయికి పుట్టినరోజు కానుక కొనాలని గుర్తొచ్చి, దారిలో ఉన్న పుస్తకాల షాపులోకి వెళ్ళాను. ఈ కాలం పిల్లలు ఏం చదువుతారో నాకేం తెలుసు. ఓ అర నిండా జపాను బొమ్మల కథలున్నాయి, ఇంగ్లీషులోకి మార్చినవి. ఒకటి తీసి మొదటి పేజీ తిప్పాను.

అక్కడ కథ లేదు. పేజీ మధ్యలో పెద్ద అక్షరాలతో ఆగమని రాసి ఉంది. మీరు పుస్తకాన్ని చివరినుంచి తెరిచారు, జపానులో కుడివైపు నుంచి ఎడమవైపుకి చదువుతారు, దయచేసి తిప్పి అటునుంచి మొదలుపెట్టండి అని దాని సారాంశం.

ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాను. మా పిన్ని పోయి అప్పటికి ఏడాది దాటింది. పోయినరోజు పనుల హడావిడిలో రాని ఏడుపు, ఆ షాపులో ఎవరికో కొనబోయే పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నప్పుడు వచ్చింది.

పిన్ని అంటే మా అమ్మకి సొంత చెల్లెలు. రాజోలు పక్కన మా ఊరు. బాబాయి కామెర్లతో పోయేనాటికి ఆవిడ కడుపుతో ఉంది. పుట్టిన పిల్లకి పాలు మాన్పించి, మా అమ్మ చేతిలో పెట్టి, మస్కట్‌లో ఇంటిపనికి వెళ్ళిపోయింది. మా వైపు అది వింతేమీ కాదు. ప్రతి వీధి నుంచీ ఎవరో ఒకరు అలా వెళ్ళినవాళ్ళే. ఆ పిల్ల చిట్టి, నా చెల్లెలిగానే పెరిగింది. నేను అమ్మని అమ్మా అని పిలుస్తుంటే విని అదీ అమ్మా అంది. పిన్ని శాశ్వతంగా వచ్చేసిన రోజున నేను వీధిలోకి పరుగెత్తి "పిన్నీ" అన్నాను. నా గౌను పట్టుకుని వెనకాలే వచ్చిన చిట్టి కూడా "పిన్నీ" అంది. ఇందులో ఎవరి కుట్రా లేదు.

చిట్టికి ఎవరూ ఏదీ దాచలేదు. నిన్ను కన్నది ఈవిడే అని చిన్నప్పటినుంచి ఫోటో చూపించి చెప్తూనే ఉన్నాం. అది తలూపేది. తెలిసినంత మాత్రాన నోరు తిరగాలిగా. పిన్నికి కావలసిందల్లా ఒక్కటే, ఆ పిల్ల తనని అమ్మా అని పిలవడం. ఆ మాట ఆవిడ పైకి ఏనాడూ అనలేదు గాని, మా ఇంట్లో పిల్లిక్కూడా ఆ సంగతి తెలుసు.

మా అమ్మ ఊరుకోలేక అప్పుడప్పుడు, "అమ్మా అని పిలవ్వే, నీ సొమ్మేం పోయింది," అని చిట్టిని గదమాయించేది. చిట్టి నోరు బిగించేసుకునేది.

"దాన్ని బలవంతం పెట్టకక్కా," అనేది పిన్ని. "నోటికి వచ్చినప్పుడే వస్తాది."

మస్కట్‌లో పిన్ని పనిచేసింది అరబ్బుల ఇంట్లో కాదు, ఓ జపాను ఇంజనీరు ఇంట్లో. అందుకే మిగతా గల్ఫు ఆడవాళ్ళతో ఏ విషయంలోనూ కలిసేది కాదు. అత్తరు తేలేదు, కంబళ్ళు తేలేదు. అలవాట్లు మాత్రం మోసుకొచ్చింది. వాటిలో ముఖ్యమైనది చెప్పుల అలవాటు. మా ఇంటికి ఎవరొచ్చినా సరే, వాళ్ళు లోపలికి రాగానే పిన్ని గుమ్మం దగ్గరికి వెళ్ళి వాళ్ళ చెప్పులు వీధివైపు తిప్పి జతగా పెట్టేసేది. ఆవిడ క్షేమంగా వచ్చినందుకు ప్రార్థన చేయడానికి వచ్చిన పాస్టరుగారికి కూడా అదే మర్యాద జరిగింది. ఆయన బయటికి వచ్చి, వీధివైపు చూస్తున్న తన చెప్పుల్ని చూసి ఆగిపోయారు.

"ఏమ్మా, ఇంక దయచెయ్యమనా?" అన్నారు.

"అయ్యో, కాదండీ. మీరు మళ్ళా వంగి తిప్పుకోనవసరం లేకుండా అండి. మా మేడంగారు నేర్పేరండి."

ఆయన పెద్దమనిషి కాబట్టి నవ్వి ఊరుకున్నారు. మా నాన్న ప్రాథమిక పాఠశాల మాస్టారు, ఊళ్ళో మాట పడకూడదనుకునే మనిషి. మనూళ్ళో చెప్పులు అలా తిప్పితే పొమ్మన్నట్టేనని మెల్లిగా చెప్పారు. "ఆయ్, అలాగేనండి బావగారూ," అంది పిన్ని. ఆ సాయంత్రం వచ్చిన పాలవాడి చెప్పులు కూడా తిప్పేసింది.

రెండో అలవాటు బొటనవేళ్ళది. ఖాళీగా కూర్చుంటే చాలు, పిన్ని రెండు బొటనవేళ్ళూ దేన్నో నొక్కుతున్నట్టు ఆడుతూ ఉండేవి. గుడిలో ప్రసంగం సాగుతుంటే ఒళ్ళో బైబిలు మీద కూడా ఆడేవి. ఒకసారి పక్కనే కూర్చుని, "ఏం చేస్తున్నావు పిన్నీ?" అని చెవిలో అడిగాను.

"గుహలో ఉన్నానే. మాట్లాడించకు," అంది.

గుహ సంగతి ఇదీ. ఆ జపాను వాళ్ళకి ఒక్కడే కొడుకు. బడి నుంచి వస్తే ఆడుకోడానికి తోడు లేదు. టీవీకి తగిలించుకునే వీడియో గేము ఒకటి ఉండేది. ఇద్దరు ఆడే ఆట. రెండో మనిషి కోసం వాడు అంట్లు తోముతున్న పిన్నిని చెయ్యి పట్టి లాక్కెళ్ళి కూర్చోబెట్టాడు. తలకి గుడ్డ కట్టుకుని, చేతిలో లాంతరు పట్టుకున్న ఓ కుర్రవాడు కొండగుహలోకి వెళ్తాడు. వాడితో ఓ బాతు వెళ్తుంది. ఆ బాబు తలగుడ్డవాడు, పిన్ని బాతు. ఏళ్ళ తరబడి సాయంత్రాలన్నీ ఆవిడ బాతుగా బతికింది. ఇక్కడ తన పిల్ల మా అమ్మ ఒళ్ళో అన్నం తింటుంటే అక్కడ పిన్ని ఇంకొకళ్ళ పిల్లాడికి బాతై గెంతింది. నాకిది తలుచుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. ఆవిడ మాత్రం ఆ ఆటని ప్రాణంలా ప్రేమించింది.

ఏదైనా పని చెడిపోతే పిన్ని "మో ఇక్కాయ్" అనేది. దోసె పెనానికి అంటుకుపోయినా, బావిలో చేద జారిపోయినా అదే మాట. జపానులో మళ్ళీ ఇంకోసారి అని అర్థంట. ఆటలో చచ్చినప్పుడల్లా ఆ బాబు అనేవాడట. ఊళ్ళోవాళ్ళు అదేదో అరబ్బీ ప్రార్థన అనుకున్నారు. ఇక అలుపు సంగతి చెప్పాలంటే, ఆ మనిషి వచ్చిన రోజునుంచీ అలిసిపోయే ఉండేది. వాకిలి ఊడుస్తూ ఊడుస్తూ మధ్యలో చతికిలబడి, "ఉండండి, కాసేపు పాజ్ పెట్టేను," అనేది. కళ్ళు మూసుకుని అలాగే ఉండి, మళ్ళీ తనే చీపురందుకునేది. డాక్టరుకి చూపించుకోమంటే, ఇది మందులకి తగ్గే అలుపు కాదులెమ్మనేది.

ఆ జపాను వాళ్ళు తమ దేశం వెళ్ళిపోతూ ఉంటే, పిల్లాడు తన పుస్తకం ఒకటి పిన్నికి ఇచ్చాడు. ఇటుకంత లావు పుస్తకం. ఆ ఆట మీద బొమ్మల్లో గీసిన కథలు. ఒక్కరు గీసినవి కావు, పదిమంది పది రకాలుగా గీసినవన్నీ కలిపి వేశారు. పిన్ని తెచ్చిన గౌన్లు చిట్టి ముట్టుకోలేదు గాని, ఆ పుస్తకం మాత్రం చూడగానే పట్టుకుపోయింది. పిన్ని మొహం వెలిగింది. సాయంత్రం అవగానే వరండాలో చాప వేసుకుని కూర్చోవడం, చిట్టి పుస్తకం తెచ్చి ఆవిడ ఎదుట పడెయ్యడం, నేను హోంవర్కు వంకతో పక్కన చేరడం రోజూ జరిగేది. పిన్ని అయిదో క్లాసు దాటలేదు. జపాను అక్షరం ఒక్కటీ రాదు. అయినా గలగలా చదివేసేది.

పుస్తకం ఎటునుంచి తెరవాలన్న విషయంలో మాకు అనుమానమే రాలేదు. రంగుల బొమ్మ ఉన్న అట్ట వెనకవైపుకి వచ్చింది, ముందువైపేమో ఉత్త గీతలూ అంకెలూను. అట్ట తిరగేసి అంటించారేమిటని మా అమ్మ అడిగితే, ప్రింటింగు తప్పు అని మా నాన్న తేల్చేశారు. పిన్నికి ఇంకో ఆధారం కూడా ఉంది.

"ఆ బాబు కుడిచేతి వైపు నుంచే తిప్పేవోడు బావగారూ. పాపం, ఆ అరబ్బోళ్ళ మధ్యన ఉండి ఉండి ఆ అలవాటు పట్టేసింది. పుస్తకం ఇలా పట్టుకోవాలని ఎన్నిసార్లు తిప్పి పెట్టేనో. నవ్వేసేవోడు."

"మరే. అరబ్బీ వాళ్ళదే కుడినుంచి," అన్నారు నాన్న. "జపాను వాళ్ళకేం, మనలాగే చక్కగా ఎడమనుంచి రాస్తారు."

అలా ఇంట్లో చదువుకున్నవాళ్ళూ చదువుకోనివాళ్ళూ ఏకగ్రీవంగా తీర్మానించాక, మేం ఆ పుస్తకాన్ని ఆసాంతం వెనకనుంచి ముందుకి చదివాం. అందుచేత మా తలగుడ్డవాడి లోకంలో అన్నీ శుభంగా జరిగేవి. కథ మొదట్లో రాక్షసుడు చచ్చి పడుండేవాడు, పేజీలు తిరిగేకొద్దీ లేచి కూర్చునేవాడు. ఆరిపోయిన లాంతరు వెలిగేది. పగిలిన కుండ పెంకులు ఎగిరొచ్చి అతుక్కునేవి. బాతు ఒక కథలో రాయిలా పడుండి, రెండు పేజీలయ్యాక రెక్కలు ఆడించేది.

"ఎలా బతికింది?" అనేది చిట్టి.

"దేవుడు లేపేడు," అనేది పిన్ని. క్రైస్తవుల ఇల్లు కాబట్టి ఆ సమాధానానికి తిరుగులేదు.

చిట్టికి వచ్చిన చిక్కల్లా మొహాలతోనే. ఒక కథలో తలగుడ్డవాడు పొడుగ్గా, కోలమొహంతో ఉండేవాడు. ఇంకోదాంట్లో గుమ్మడిపండులా ఉండేవాడు. మూడో చోట మొహంలో సగం కళ్ళే. "ఈడు ఆడు కాదు," అని చిట్టి పేచీ పెట్టేది.

"ఆడేనమ్మా. గీసినోళ్ళు వేరు, అంతే."

"నాకు ముందరోడే కావాలి."

"ముందరోడూ ఈడే. మొహం చూడకు. తలగుడ్డ ఉందా? లాంతరుందా? పక్కన బాతుందా? మరింకేం. ఎవరు గీసినా ఆడు ఆడే."

అలా చెప్తున్నప్పుడు పిన్ని గొంతులో ఓ బతిమాలుడు ఉండేది. నాకు పద్నాలుగేళ్ళు, ఆ మాత్రం గ్రహించగలను. చిట్టికి మాత్రం అదేం పట్టలేదు. కొన్నాళ్ళకి ఏ మొహంతో ఉన్నా వాడిని గుర్తుపట్టడం నేర్చుకుంది.

అన్నిట్లోకీ మాకిష్టమైన కథ ఒకటుంది. పెన్సిలుతో గీసినట్టు మెత్తగా ఉండేది, మాటలు తక్కువ. మేం చదివిన వరసలో మొదట దూరంగా కొండ, కొండదారిలో చీమంత తలగుడ్డవాడు. తరవాత పొలం గట్టు. తరవాత వంతెన. తరవాత వీధి. ఆ తరవాత ఓ చిన్న ఇంటి గుమ్మం, గుమ్మంలో వాళ్ళమ్మ. తరవాత ఇద్దరూ చాప మీద కూర్చుని అన్నం తినడం. ఆఖరి పేజీలో వాడు నిద్రపోతుంటాడు, తల్లి పక్కన కూర్చుని వాడి తలగుడ్డ కుట్టుకుంటుంది. అంతే కథ. ఊరు తిరిగొచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. దీన్ని చిట్టి మళ్ళీ మళ్ళీ చదివించుకునేది. పిన్నికి విసుగనేదే లేదు.

"వస్తున్నాడంటావు, మరి వీపు కనబడతాదేం?" అని ఒకరోజు చిట్టి నిలదీసింది.

పిన్ని బొమ్మకేసి కాసేపు చూసింది. "మనం ఆడి వెనకాలే వస్తున్నాం కదమ్మా. అందుకు."

"వాళ్ళమ్మ ఎందుకు ఏడుస్తుంది?"

"వచ్చేడు కదా మరి. అందుకు."

చిట్టి ఆ జవాబుకి తృప్తిపడి పేజీ తిప్పింది. విశాఖపట్నం షాపులో స్టూలు మీద కూర్చుని నేను ఆ పేజీలన్నీ మనసులో అటునుంచి తిప్పుకుంటూ వచ్చాను. తల్లి ముందు తలగుడ్డ కుడుతుంది. తరవాత లేపి అన్నం పెడుతుంది. తరవాత గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. వాడు వీధి దాటి, వంతెన దాటి, గట్టు దాటి, కొండదారిలో చీమంతై పోతాడు. అది రాక కథ కాదు. మేం ముగ్గురం ఒక చాప మీద కూర్చుని, ఒక పోక కథని రాక కథగా రోజూ చదువుకున్నాం.

పిన్నికి తెలుసా అంటే, తెలిసే ఉంటుందని ఇప్పుడనిపిస్తుంది. అమలాపురంలో జరిగింది గుర్తొస్తే ఆ అనుమానం కూడా ఉండదు.

బళ్ళు తెరిచే ముందు చిట్టికి యూనిఫాం గుడ్డ కొనడానికి ముగ్గురం అమలాపురం వెళ్ళాం. బస్టాండు వెనక సందులో కొత్తగా వీడియో గేముల షాపు పెట్టారు. గంటకింత అని ఇచ్చి ఆడుకోవడం. లోపల వరసగా టీవీలు, మగపిల్లలు, చెమట వాసన. ఆడవాళ్ళు ఆ సందులోకి తొంగి కూడా చూసేవారు కాదు. పిన్ని చేతిలో గుడ్డల సంచీతో, గంజి పెట్టిన నూలు చీరతో సరాసరి లోపలికి వెళ్ళిపోయింది. వెనకాల మేమిద్దరం. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

షాపతను మర్యాదగా లేచాడు. "చెప్పండి అక్కగారూ. పిల్లల కోసం వచ్చేరా?"

"కాదండి. ఆడదామని వచ్చేనండి. కొండలోకి దీపం పట్టుకుని వెళ్ళే ఆటుందాండి మీ దగ్గర? తలకి గుడ్డ కట్టుకునుంటాడు."

అతను బుర్ర గోక్కున్నాడు. పేర్లతో అతనికీ పనిలేదు, క్యాసెట్ల మీదంతా జపాను రాతే. ఒక్కొక్కటే పెట్టి చూపించాడు. కార్లు వచ్చాయి, విమానాలు వచ్చాయి, కుస్తీలు వచ్చాయి. పిన్ని ఓపిగ్గా, "ఇది కాదండి, ఇది కాదండి," అంటూనే ఉంది. చివరికి ఓ పాట మొదలైంది. తెర మీద బొమ్మ పడకముందే పిన్ని బొటనవేళ్ళు లేచాయి.

"ఇదేనండి. రెండు రిమోట్లివ్వండి. మా అమ్మాయి తలగుడ్డోడు. నేను బాతునండి."

ఆ షాపులో ఒక్కసారిగా అందరి తలలూ ఇటు తిరిగాయి.

ఆట మొదట్లో ఓ చిన్న ఇల్లు కనబడింది. తలుపు తెరుచుకుంది. తలగుడ్డవాడు బయటికొచ్చాడు. గుమ్మంలో వాళ్ళమ్మ, చుక్కలతో గీసిన చిన్న మనిషి, చెయ్యి ఊపింది. వాడు వెనక్కి చూడకుండా కొండవైపు నడిచాడు.

చిట్టి రిమోటు పట్టుకుని బిగుసుకుపోయింది. "ఇదేంటి పిన్నీ, వెళ్ళిపోతున్నాడు?"

పిన్ని తెరకేసే చూస్తూ, "ఆటలో ఎల్తాడమ్మా. పుస్తకంలో వస్తాడు," అంది.

ఆ తరవాత పిన్ని ఆడింది చూడాలి. ఎప్పుడూ అలిసిపోయే మనిషి, వాకిలి మధ్యలో చతికిలబడే మనిషి, ఆ ప్లాస్టిక్ కుర్చీ అంచున కూర్చుని గుంటలు దాటింది, గబ్బిలాలని కొట్టింది. పక్కవాళ్ళు తమ ఆటలు వదిలేసి వెనక చేరారు. కానీ ఆ ఆటలో ఓ మెలిక ఉంది. ఇద్దరూ ఒకే తెరలో ఉండాలి. వెనకవాళ్ళు రాకపోతే ముందువాళ్ళకి దారి తెరుచుకోదు. చిట్టికి ఆట కొత్త. ప్రతి గుంట దగ్గరా తడబడేది. బాతు అంచుదాకా వెళ్ళిపోయి, అక్కడే ఉన్నచోట ఎగురుతూ నిలబడేది.

"పిన్నీ, ఆగు, నేను రాలేదు," అని అరిచింది చిట్టి.

"ఆగేను కదమ్మా. ఇక్కడే ఉన్నాను. నువ్వు నెమ్మదిగా రా."

చిట్టి దూకింది, పడింది, మళ్ళీ దూకింది. దాని మోచెయ్యి పిన్ని మోచేతికి ఆనుకుని ఉంది. ఒళ్ళు మరిచిపోయింది. నేను చూస్తున్నది తెరని కాదు. ఇదిగో, ఇప్పుడు నోరు జారుతుంది, ఇప్పుడు అనేస్తుంది అని దాని నోటివంకే చూస్తున్నాను. ఆఖరి గుహ ద్వారం దగ్గరికి ఇద్దరూ చేరేసరికి కరెంటు పోయింది. షాపంతా ఉసూరుమంది. చీకట్లో పిన్ని నిట్టూర్చి, "మో ఇక్కాయ్," అంది. చిట్టి కిలకిలా నవ్వి, తనూ అదే మాట అంది.

తిరుగు బస్సులో చిట్టి పిన్ని ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. పిన్ని ఊరొచ్చేదాకా కాలు కదపలేదు. తిమ్మిరెక్కి ఉంటుంది, అయినా కదపలేదు. ఇక ఇవాళో రేపో అని నేను నిశ్చయంగా అనుకున్నాను. ఇంటికి చేరగానే చిట్టి చెప్పులు చెరోవైపూ విసిరేసి లోపలికి పరుగెత్తింది. పొయ్యి దగ్గరున్న మా అమ్మ నడుం చుట్టుకుని, "అమ్మా, అమ్మా, పిన్నికి ఆట ఎంత బాగా వచ్చో తెలుసా. షాపులో అందరూ పిన్నినే చూసేరు," అని ఒకటే చెప్పింది.

మా అమ్మ గరిటె పట్టుకుని అలాగే ఉండిపోయి గుమ్మంవైపు చూసింది. అమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పిన్ని వంగి చిట్టి చెప్పులు జత చేస్తోంది.

"పర్లేదులే అక్కా," అంది. "మెచ్చుకుంటుంది కదా. అదే చాలు."

చాలదని ముగ్గురికీ తెలుసు.

తరవాత కాలం ఎవరికోసమూ ఆగలేదు. పుస్తకం వానాకాలం చెమ్మకి ఉబ్బి, చెదలు పట్టి, ఓ రోజు తుక్కులోకి పోయింది. పిన్ని మా వీధి చివరే చిన్న ఇల్లు వేసుకుంది. చిట్టి రెండిళ్ళ మధ్యా తిరుగుతూ పెరిగింది. పిన్నిని ప్రేమించలేదని కాదు. ఏ సమస్య వచ్చినా ముందు ఆవిడ దగ్గరికే వెళ్ళేది, ఆవిడ మాటే వినేది, జ్వరమొస్తే ఆవిడ చేతి కాఫీయే కావాలనేది. ఆ ఒక్క పిలుపే మారలేదు. పెద్దయ్యాక మారిస్తే నటించినట్టుంటుందని దానికి మొహమాటం. ఓసారి నాతోనే చెప్పుకుంది, చాలాసార్లు నోటిదాకా వచ్చి ఆగిపోయిందని. ఆ మాట నేను పిన్నికి చెప్తే, ఆవిడ వింటున్నంతసేపూ చేటలో బియ్యం ఏరుతూ, "అంత కష్టపడొద్దని చెప్పు," అంది.

చిట్టి నర్సింగు చదివింది. పెళ్ళయింది. పాప పుట్టింది. పాపకి ఏడాది నిండకుండానే మస్కట్‌లో ఆస్పత్రి ఉద్యోగం వచ్చింది, అల్లుడికి కూడా అక్కడే పని దొరికింది. పాపని ఇప్పుడే తీసుకెళ్ళే వీలు లేదు. వెళ్ళొద్దని పిన్ని అనలేదు. ఏ మొహం పెట్టుకుని అంటుంది? ప్రయాణం రోజున పాపని ఎత్తుకుని గుమ్మంలో నిలబడింది. ఏడవలేదు. ఆవిడలో ఏడవడానికి కూడా ఓపిక మిగల్లేదనిపించింది నాకు.

ఆ వేసవిలో నేను ఉద్యోగం చేస్తున్న కాకినాడ నుంచి వెళ్ళి వారం రోజులు పిన్ని దగ్గరున్నాను. పాపకి అప్పుడప్పుడే మాటలొస్తున్నాయి. పొద్దున్న లేస్తూనే పిన్ని చీరకుచ్చిళ్ళు పట్టుకుని "అమ్మ, అమ్మ," అనేది. పిన్ని ప్రతిసారీ ఆగి, కిందికి వంగి దిద్దేది.

"అమ్మ కాదు తల్లీ. అమ్మమ్మ. అమ్మ అదిగో, ఆ ఫోటోలో ఉంది. ఏదీ, అమ్మమ్మ అను."

"అమ్మ," అనేది పాప.

చూసి చూసి నాకు ఒళ్ళు మండింది. "పోనీలే పిన్నీ, పిలవనియ్యి. జన్మకో పిలుపు, ఇన్నాళ్ళకి వచ్చింది. నువ్వు అడిగి పిలిపించుకున్నావా ఏం?"

పిన్ని నావంక చూసింది. కోపం లేదు, అలుపే.

"నోటికి ఒకసారి అలవాటు పడిపోతే ఇంక తిరగదే," అంది. "అది రేపొచ్చేసరికి ఈ పిల్ల దాన్ని ఏమని పిలుస్తాదో. నాకు తెలిసీ ఆ పని చెయ్యమంటావా?"

మా అమ్మ పేరు ఆవిడ ఎత్తలేదు, చిట్టిని ఒక్క మాట అనలేదు. ఇన్నేళ్ళలో ఆ నొప్పి గురించి పిన్ని నాతో చెప్పిందల్లా ఆ రెండు ముక్కలే.

శుక్రవారం అక్కడ సెలవు. సాయంత్రం ఎండ తగ్గాక చిట్టి ఫోను చేసింది. పిన్ని వరండాలో కూర్చుని, పాపని ఒళ్ళో పెట్టుకుని, స్పీకరు నొక్కి ఫోను పాప మొహం ముందు పట్టుకుంది.

"బంగారం, నేనమ్మా, అమ్మని. ఒక్కసారి అమ్మా అనమ్మా," అని బతిమాలుతోంది చిట్టి.

పాప ఫోనువంక చూసింది. అందులో ఎవరూ కనబడలేదు. తల తిప్పి, పిన్ని మొహంలోకి చూసి, రెండు చేతులూ ఆవిడ మెడకి చుట్టి, స్పష్టంగా "అమ్మా" అంది.

అటునుంచి వచ్చిన గొంతులో ఏడుపూ నవ్వూ కలిసిపోయి ఉన్నాయి.

"పిలిచింది పిన్నీ. నన్ను పిలిచింది. నువ్వు విన్నావా?"

పిన్ని పాప చేతుల్ని మెల్లిగా మెడ మీంచి తీసింది. ఫోను దగ్గరికి వంగింది.

"ఆయ్, విన్నానమ్మా. నిన్నే పిలిచింది."